చవక డాలర్, నానమ్మ రూపాయి

నా దగ్గరున్న పాత వెండి డాలర్లన్నిటిలో చవకది 1921 మోర్గాన్. 2018లో కొన్నా, 18 డాలర్లకి. ఓహియోలో ఒక ఫైర్ స్టేషన్ హాల్లో ఆదివారం పూట కాయిన్ షో పెడితే ఊరికే చూద్దామని వెళ్లా, అప్పటికి నాకు కాయిన్స్ గురించి ఏమీ తెలీదు. ఒక డీలర్ టేబుల్ చివర ప్లాస్టిక్ డబ్బా ఉంది, దాని మీద "కల్స్" అని రాసుంది, అంటే గీతలు పడి, అంచులు నొక్కుకుపోయి, ఆల్బమ్‌కి పనికిరావని ఏరి పక్కన పడేసిన కాయిన్స్ అన్నమాట. అందులోంచి ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంటే ఆ బరువుకే మనసు పారేసుకున్నా. ఇంత పెద్ద కాయిన్ జేబులో వేసుకుని తిరిగేవాళ్లా అనిపించింది. డీలర్ మాత్రం దానివైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు, "అది ఉత్త ఇరవయ్యొకటే కదా, ఏదైనా మంచిది చూపిస్తా ఆగండి" అన్నాడు. నేను అదే తీసుకున్నా. దాని కథ తర్వాత చెప్తా, ఎందుకంటే ఆ ఉత్త ఇరవయ్యొకటి నాకెంత దగ్గరిదో నాకే చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పాత వెండి డాలర్లు అనగానే మామూలుగా రెండు రకాలు గుర్తొస్తాయి. మోర్గాన్ డాలర్ 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో ఒక్క ఏడాది వచ్చింది, చెక్కినాయన జార్జ్ మోర్గాన్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎన్‌గ్రేవర్. ముందు వైపున్న లిబర్టీ ముఖానికి మోడల్ ఫిలడెల్ఫియాలో పంతులమ్మగా చేసిన ఆనా విల్లెస్ విలియమ్స్. రెండోది పీస్ డాలర్, 1921 నుంచి 1928 దాకా, మళ్లీ 1934, 1935ల్లో వచ్చింది, దాన్ని చెక్కింది ఆంథనీ డి ఫ్రాన్సిస్చి, ముఖానికి మోడల్ ఆయన భార్య టెరీసా. రెండూ 26.73 గ్రాములే, 38.1 మిల్లీమీటర్ల అడ్డకొలత, నూటికి 90 పాళ్లు వెండి, మిగతాది రాగి. ఇన్ని కోట్ల కాయిన్స్ ఎందుకు అచ్చేశారంటే జనం అడిగి కాదు, 1878లో వచ్చిన బ్లాండ్-ఆలిసన్ చట్టం ప్రకారం ప్రభుత్వం నెలకి 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని డాలర్లుగా మార్చాల్సిందే, పడమటి రాష్ట్రాల గనులవాళ్ల ఒత్తిడి అది. జనానికేమో అంత బరువు మోసుకు తిరగడం ఇష్టం లేదు, దాంతో సంచుల కొద్దీ డాలర్లు ట్రెజరీ ఖజానాల్లోనే పడున్నాయి. ఈరోజు మనలాంటి మామూలు జీతం వాళ్లు కూడా 130, 140 ఏళ్ల నాటి వెండి కాయిన్ కొనగలుగుతున్నామంటే అదే కారణం.

నేను పెట్టుకున్న లెక్క నెలకి 60 డాలర్లు. పిల్లల ఫీజులు, ఇంటి లోను అన్నీ పోగా ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా నా చేతిలో మిగిలేది అదే, ఒక నెల ఏమీ నచ్చకపోతే అది పక్క నెలకి కలుస్తుంది. డబ్బు తక్కువున్నప్పుడు మొదట నేర్చుకోవాల్సింది మెల్ట్ లెక్క, అంటే కరిగిస్తే వచ్చే వెండి విలువ. ఒక్కో డాలర్లో 0.7734 ట్రాయ్ ఔన్సుల (వెండి, బంగారం తూచే ఔన్సు ఇది) వెండి ఉంటుంది, ఆరోజు ఔన్సు రేటుని దాంతో గుణిస్తే సరిపోతుంది, ఔన్సు 30 డాలర్లనుకుంటే కాయిన్‌లో 23 డాలర్ల 20 సెంట్ల వెండి ఉన్నట్టు. బాగా అరిగినవాటికి డీలర్లు 0.765 వేసుకుంటారు, అరుగుదలలో పోయిన వెండి పోయినట్టే కదా మరి. ఈ లెక్క ఫోన్‌లో చేసుకుని టేబుల్ దగ్గరికెళ్తే మీరు కట్టే డబ్బులో వెండికెంత, ఆ సంవత్సరానికీ ఆ టంకశాలకీ ఎంత అనేది విడివిడిగా కనపడుతుంది. అది కనపడనంతసేపు డీలర్ ఏ ధర చెప్తే అదే నిజమనిపిస్తుంది.

చాలామంది కొత్తవాళ్లు చేసేది, నేనూ మొదట్లో చేసింది ఏంటంటే, ఉన్న కాస్త డబ్బుతో బాగా మెరిసే కాయిన్స్ కొనడం. 1881-ఎస్ (సంవత్సరం పక్కనున్న అక్షరం టంకశాల గుర్తు, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో) లాంటివి కొత్తవాటిలా తళతళలాడుతూ చాలా దొరుకుతాయి, శాన్‌ఫ్రాన్సిస్కో అచ్చు అసలే బావుంటుంది, కాయిన్స్ పరీక్షించే కంపెనీలు పీసీజీఎస్ వాళ్లో ఎన్‌జీసీ వాళ్లో గ్రేడ్ చేసి స్లాబ్‌లో, అంటే సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో, పెట్టినవి కూడా అందుబాటులోనే ఉంటాయి. ఒకటి కొనండి, తప్పకుండా కొనండి, కొత్తది ఎలా ఉంటుందో కంటికి తెలియాలి కాబట్టి. అక్కడితో ఆగి అరిగిన కాయిన్స్ వైపు రండి, అసలు మజా అక్కడుంది. నా దగ్గర 1884-ఎస్ ఉంది, 34 డాలర్లకి దొరికింది, లిబర్టీ చెంప, చెవి మీది జుట్టు కాస్త అరిగాయి అంతే, పోల్చుకోలేనంత కాదు. అదే 1884-ఎస్ అసలు అరగకుండా ఉంటే వేల డాలర్లు పలుకుతుంది, ఎందుకంటే ఆ ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో డాలర్లు ఖజానాలో కూర్చోలేదు, జనం చేతుల్లోకి వెళ్లిపోయాయి, కొత్తగా మిగిలినవి బహు తక్కువ. న్యూ ఆర్లీన్స్ వాళ్ల 1886-ఓ, 1896-ఓ కూడా ఇదే తంతు. అంటే డబ్బున్న కలెక్టర్ ఏళ్ల తరబడి ఎదురు చూసే కాయిన్‌ని మనం అరిగిన రూపంలో, వెండి రేటు ఎగరక ముందు, ఒక నెల డబ్బుతో ఆల్బమ్‌లో పెట్టుకోగలిగేవాళ్లం. పైగా అది బజార్లో పని చేసిన కాయిన్, ఎవరి కూలీ డబ్బులో, ఎవరి గుర్రం అమ్మిన డబ్బులో అయ్యుంటుంది. ఖజానాలో సంచిలో నిద్రపోయిన మెరిసే డాలర్ కంటే ఇది నాకు ఎక్కువ.

అయితే అరగడం వేరు, పాడవడం వేరు, ఈ తేడా పట్టుకోవడానికే నాకు రెండేళ్లు పట్టింది. టేబుల్ దగ్గర నేను చేసేది ఇది: కాయిన్‌ని అంచులతో పట్టుకుని దీపం కింద మెల్లగా చుట్టూ వంచుతా, మెరుపు ఏమాత్రం మిగిలున్నా అది బండి చక్రం ఆకుల్లా కాయిన్ మీద గుండ్రంగా తిరుగుతుంది, తిరక్కుండా మొత్తం ఒకేలా తెల్లగా మెరిస్తే దాన్నెవరో తోమారని అర్థం. తోమిన కాయిన్ మీద సన్నటి గీతలు ఒకే దిక్కుకి ఉంటాయి, భూతద్దంలో చూస్తే గరిటె గోకిన గిన్నె అడుగులా కనిపిస్తుంది. అక్షరాల సందుల్లో నల్లటి మట్టి ఉండి, ఎత్తుగా ఉన్నచోట బూడిద రంగులో నున్నగా ఉంటే అది నిజాయితీగా అరిగిన కాయిన్, నా లెక్కలో అదే అందం. తర్వాత అంచు మొత్తం తిప్పి చూస్తా, కొన్నిటికి పైన చిన్న నున్నటి మచ్చ ఉంటుంది, ఒకప్పుడు గొలుసులో వేసుకోవడానికి కొక్కెం అతికించి తర్వాత తీసేసిన గుర్తది, అలాంటివి వెండి ధరకే వదిలించుకుంటారు. ఇక మనింట్లో పెరిగినవాళ్లకి ఒక ప్రమాదం ఉంది, వెండి కుందులు, పళ్లెం నల్లబడితే విభూతితోనో టూత్‌పేస్ట్‌తోనో తోమేసే చెయ్యి మనది, కాయిన్ నల్లగా కనిపిస్తే ఆ చెయ్యి ఊరుకోదు. దయచేసి తోమొద్దు. ఒక్కసారి తోమితే 100 ఏళ్లుగా పట్టిన ఆ రంగు పోతుంది, దాంతో పాటు ధరలో సగమూ పోవచ్చు, ఇక ఎవ్వరూ దాన్ని వెనక్కి తేలేరు.

నకిలీల గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నాకు తగిలింది. ఆన్‌లైన్లో ఒకాయన 1878-సీసీ అని 45 డాలర్లకి పెట్టాడు. సీసీ అంటే కార్సన్ సిటీ టంకశాల గుర్తు, ఆ రోజుల్లో ఎంత అరిగినదైనా ఆ ధరకి దొరకదు, ఆ సంగతి నాకు తెలుసు, తెలిసి కూడా ఆశపడ్డా. వచ్చాక చూస్తే కంటికి బానే ఉంది, అయస్కాంతానికి అంటుకోలేదు కూడా. చిన్న నగల తక్కెడ మీద పెడితే 24.1 గ్రాములు వచ్చింది. అరిగితే మాత్రం రెండున్నర గ్రాములు ఎలా తగ్గుతుంది, ముఖం చూస్తే అంత అరగలేదు. అప్పుడు నీళ్ల పరీక్ష చేశా. తక్కెడ మీద సగం నీళ్లున్న చిన్న కప్పు పెట్టి అంకె సున్నా చేసి, కాయిన్‌కి సన్నటి దారం కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకీ పక్కలకీ తగలకుండా చేత్తో పట్టుకోవాలి, అప్పుడు తక్కెడ చూపించే అంకె కాయిన్ పక్కకి తోసిన నీటి బరువు. అసలు డాలర్ అయితే 2.58, 2.6 దగ్గర ఆగుతుంది, బరువుని దాంతో భాగిస్తే 10.3 చిల్లర రావాలి, 90 పాళ్ల వెండికి ఉండాల్సిన సాంద్రత అదే. నాది 2.72 చూపించింది, భాగిస్తే 8.86, అంటే వెండి కాదు, రాగి కలిసిన ఏదో లోహం. చెయ్యి వణికింది నిజంగా. డబ్బులు మూడు వారాల తర్వాత వెనక్కొచ్చాయి గానీ ఆ రోజు నుంచి ఇంటికి ఏ కాయిన్ వచ్చినా ముందు తక్కెడ ఎక్కాల్సిందే. ఈ దేశంలో 1973 నుంచి చట్టం ఉంది, అనుకరణ కాయిన్ మీద కాపీ అని ముద్ర ఉండి తీరాలని, మోసం చేసేవాడు ఆ ముద్ర వెయ్యడు కదా, మన తక్కెడే మనకి దిక్కు.

అసలు సీసీ డాలర్ తర్వాత కొన్నా, రెండు నెలలు ఏమీ కొనకుండా దాచి, 1890-సీసీ, 115 డాలర్లు, షోలో ముఖాముఖి, నా తక్కెడ మీద తూచుకుని. కార్సన్ సిటీ నెవాడాలో ఉంది, పక్కనే కామ్‌స్టాక్ గనుల్లో వెండి దొరకడంతో 1870లో అక్కడ టంకశాల తెరిచి 1893 దాకా కాయిన్స్ అచ్చేశారు, ఆ బిల్డింగ్ ఇప్పుడు నెవాడా స్టేట్ మ్యూజియం. ఇక్కడ ఒక తిరకాసు ఉంది చూడండి. 1884-సీసీ అచ్చయింది 11 లక్షల 36 వేలే, కానీ అందులో 9 లక్షల 60 వేలకి పైగా కొత్తవి కొత్తగానే ఖజానాలో మిగిలిపోయి, 1972 నుంచి 1980 మధ్య ప్రభుత్వం వాటిని ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి జనానికి అమ్మింది. అంటే ఆ సంవత్సరం సీసీల్లో కొత్తవే ఎక్కువ, అరిగినవే తక్కువ. అరిగిన సీసీ చవగ్గా కావాలంటే 1878, 1890, 1891 చూసుకోవాలి. ఎన్ని అచ్చయ్యాయన్న అంకె చూసి ఏది అరుదో చెప్పేయలేం, ఎన్ని మిగిలాయన్నదే లెక్క.

పూర్తి సెట్ చెయ్యాలన్న కోరిక ఉంటే మోర్గాన్ వద్దు, 1893-ఎస్ లక్షే అచ్చయింది, 1889-సీసీ మూడున్నర లక్షలు, అవి మన నెల డబ్బుకి అందవు. పీస్ డాలర్ పట్టుకోండి. మొత్తం 24 కాయిన్స్, అందులో అరిగిన స్థితిలో నిజంగా ఖరీదైనది 1928 ఫిలడెల్ఫియా ఒక్కటే, దాని తర్వాత 1921ది, కాస్త దూరంలో 1934-ఎస్, మిగిలినవి చాలావరకు వెండి ధరకి కాస్త అటూ ఇటూ. 1921 పీస్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి, బొమ్మ ఎత్తుగా శిల్పంలా లేచి ఉంటుంది, అంత ఎత్తు అచ్చు పడాలంటే యంత్రాలకి కష్టమై 1922లో ఎత్తు తగ్గించేశారు. నాకు 24లో 19 అయ్యాయి.

దాచుకోవడం గురించి ఒక్కటే మాట, మెత్తటి పీవీసీ కవర్లు వాడొద్దు, ఏళ్లు గడిస్తే కాయిన్ మీద పచ్చటి జిగురు పడుతుంది. మైలార్ అనే పీవీసీ లేని ప్లాస్టిక్ కవర్లో, అట్ట ఫ్లిప్‌లో పెట్టుకుంటే చాలు.

వెండి రేటు సంగతి కూడా, 2025లో ఔన్సు 50 డాలర్లు దాటాక నా 60 డాలర్లకి అరిగిన కాయిన్ ఒక్కటి రావడమే గగనమైంది, నిజంగా బాధేసింది. కానీ షోలో తిరిగితే ఇంకోటి గమనించా, మామూలు సంవత్సరాల ధర వెండితో పాటు ఎగిరింది గానీ కాస్త అరుదైనవాటి ధర అంతగా ఎగరలేదు, రెంటికీ మధ్య దూరం తగ్గింది. ఇంతకుముందు పదిహేను డాలర్లు ఎక్కువ పెట్టి కొనాల్సిన సంవత్సరం ఇప్పుడు నాలుగైదు డాలర్ల తేడాలో దొరుకుతోంది. అందుకే నేనిప్పుడు మామూలువి పూర్తిగా ఆపేశా, రెండు మూడు నెలలకి ఒకటి, అదీ కాస్త అరుదైనదే. ఇంకో భయం కూడా ఉంది, రేటు ఇలా ఎగిరినప్పుడు కల్స్ డబ్బాలో కాయిన్స్ కొలిమికి వెళ్లిపోతాయి, అందులో నా 1921 లాంటివి ఎన్ని పోతున్నాయో.

ఆ 1921 దగ్గరికే వస్తున్నా. 1904లో ఆపేసిన మోర్గాన్‌ని 17 ఏళ్ల తర్వాత మళ్లీ ఎందుకు అచ్చేశారా అని ఒకరోజు చదవడం మొదలుపెట్టా. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో మన దేశంలో, అంటే బ్రిటిష్ ఇండియాలో, కాగితం నోట్లకి వెండి రూపాయలు ఇవ్వండని జనం అడగడం మొదలుపెట్టారు, ప్రభుత్వం దగ్గరేమో వెండి అయిపోతోంది, నోటు చెల్లదన్న పుకారు ముదిరితే ఇక పట్టలేమని బ్రిటిష్ వాళ్లు అమెరికాని అడిగారు. 1918 ఏప్రిల్లో ఇక్కడ పిట్‌మన్ చట్టం వచ్చింది. దాని కింద 27 కోట్లకి పైగా వెండి డాలర్లు కరిగించేశారు, అందులో దాదాపు 25 కోట్ల 90 లక్షల డాలర్ల వెండి బ్రిటన్‌కి అమ్మింది, రూపాయల కోసం. ఏ సంవత్సరానివి, ఏ టంకశాలవి కరిగాయో లెక్క కూడా రాయలేదు. అదే చట్టంలో ఇంకో షరతు, కరిగించినన్ని డాలర్లు తర్వాత ఇక్కడి గనుల వెండితో మళ్లీ అచ్చెయ్యాలి. పాత అచ్చులు 1910లోనే నాశనం చేసేశారు కాబట్టి మోర్గాన్ మళ్లీ కొత్తగా చెయ్యాల్సొచ్చింది, అందుకే 1921 బొమ్మ పాతవాటికంటే పల్చగా ఉంటుంది. ఆ ఒక్క ఏడాది 8 కోట్ల 60 లక్షలకి పైగా కొట్టారు, అందుకే అంత చవక, అందుకే ఆ డీలర్ దాన్ని ఉత్త ఇరవయ్యొకటి అన్నాడు.

అది చదివిన రాత్రి అమ్మకి ఫోన్ చేశా. "అమ్మా, నానమ్మ రూపాయలు ఉండేవి కదా, ఇంకా ఉన్నాయా?" అంటే "ఉన్నాయే, బీరువాలో గుడ్డలో కట్టి పెట్టా, ఎందుకే ఇప్పుడవి" అంది. "వాటి మీద ఏ సంవత్సరం ఉందో చూసి చెప్పవా" అంటే కళ్లద్దాలు వెతుక్కుని ఒక్కోటి చదివింది, 1907, 1914, 1918, 1919, 1919. తోమకమ్మా అని మూడుసార్లు చెప్పా. పోయినేడాది ఇంటికెళ్లినప్పుడు ఒకటి నాకిచ్చింది, "అన్నీ తీసుకుపో, నాకెందుకు" అంది గానీ ఒక్కటే తెచ్చుకున్నా, 1919ది.

దాన్ని డాలర్ పక్కన పెట్టి తూచా. అచ్చయినప్పుడు రూపాయి బరువు 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం, మన నానమ్మలు తులం లెక్క రూపాయితోనే కట్టేవాళ్లు. నాది 11.5 చూపించింది, 1921 డాలర్ 26.6. ఒక్క డాలర్లో ఉన్న వెండితో అలాంటి రూపాయలు రెండుంపావు వస్తాయి. నానమ్మ రూపాయిలో ఉన్నది ఏ డాలర్ వెండో, అసలు డాలర్ వెండేనో ఎవరూ చెప్పలేరు, 1884-ఎస్ అయినా కావచ్చు, ఏ సీసీ అయినా కావచ్చు. కానీ ఈ రూపాయి లాంటి వాటి కోసం ఖాళీ అయిన చోటుని నింపడానికే ఈ 1921 పుట్టిందన్నది మాత్రం నిజం.

ఇప్పుడు రెండూ ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నాయి. మోర్గాన్ వెనక వైపు దండ ముడి కింద చిన్న అక్షరం కోసం వెతకడం నాకు అలవాటైపోయింది, నా 1921కి అక్కడ ఏమీ లేదు, అంటే ఫిలడెల్ఫియా. రూపాయిని కూడా అలాగే తిప్పి భూతద్దం పెట్టా. వెనక వైపు అడుగున చిన్న పువ్వు ఉంది, ఆ పువ్వు కింద ఆవగింజలో సగం ఉంటుందేమో, అరిగీ అరక్కుండా ఒక చుక్క. బొంబాయి టంకశాల.